నలభై ఒక్క సెకన్లు

పోయిన వారం నా ఆఖరి పరీక్ష పాఠం గురించి మీకు తెగ గొప్పలు చెప్పుకున్నాను. జర్మన్ ఎమ్మే రెండో ఏడాదిలో మేము పన్నెండు క్లాసులు చెప్పి చూపించాలని, సాయంత్రం సర్టిఫికెట్ కోర్సుకి వచ్చేవాళ్ళే మాకు విద్యార్థులని, వాళ్ళలో సగానికి పైగా జర్మనీ ఆసుపత్రుల్లో ఉద్యోగాల కోసం భాష నేర్చుకుంటున్న నర్సులని చెప్పాను. వెనక బెంచీలో కాత్యాయని మేడమ్ కూర్చుని నిమిషం నిమిషానికీ రాసుకుంటారని, క్లాసులో తెలుగు ముక్క వినపడితే మార్కులు పోయినట్టేనని కూడా చెప్పాను. పన్నెండో పాఠంలో ఒక్క తెలుగు ముక్క పడలేదు. మేడమ్ 'అత్యుత్తమం' అని రాశారు. ఆ సాయంత్రమే, క్లాసులో రెండో బెంచీలో కూర్చున్న నర్సు బాలలక్ష్మి వాళ్ళ నాన్న ఊళ్ళో చనిపోయాడని తెలిసింది. అక్కడ ఆపాను.

ఆపడం కాదు, మింగేశాను. ఒక సంగతి మీకు కూడా చెప్పలేదు. ఇవాళ చెప్పక తప్పదు.

మాకో పద్ధతి ఉంది. పరీక్ష పాఠం రోజున అందరి ఫోన్లూ ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో వేయించి, మేడమ్ కూర్చునే బెంచీ మీద పెడతాం. పక్కనే స్టాండు మీద నా ఫోను, పాఠం మొత్తం వీడియో తీస్తూ ఉంటుంది. ఆ రోజు పాఠం 'డాక్టరు దగ్గర'. ఒకరు రోగి, ఒకరు నర్సు. నర్సు అడగాలి, "వో టుట్ ఎస్ వే?" అంటే ఎక్కడ నొప్పి అని. రోగి చెప్పాలి. అంతే పాఠం.

క్లాసు మొదలైన అరగంటకి డబ్బాలో ఒక ఫోను గడగడలాడింది. బాలలక్ష్మి చెయ్యెత్తి లేచింది. "మేడం, అది నా ఫోన్ గావచ్చు, మా నాయిన..." అంది.

"అవుఫ్ డాయిచ్, బిట్టె" అన్నాను. జర్మన్‌లో చెప్పండి అని. నవ్వుతూనే అన్నాను. వెనక మేడమ్ పెన్ను కదులుతోంది మరి.

ఆమె రెండు మూడుసార్లు నోరు తెరిచింది. మాట రాలేదు. ఎలా వస్తుంది? నేర్పింది ఎనిమిది వారాలే కదా. పక్క బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కూర్చుంది. కాసేపటికి మళ్ళీ మోగింది. నేను జంటల మధ్య తిరుగుతున్నట్టు నటిస్తూ వెనక్కి వెళ్ళి డబ్బాలోకి చూశాను. తెర మీద 'నాయిన' అని తెలుగులో ఉంది. తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఫొటో. నేను ఆ ఫోనుని బోర్లా తిప్పి పెట్టాను.

అదీ నేను మింగిన సంగతి. చూసి మరీ తిప్పాను.

*

ఆ పాఠం అయిన పద్నాలుగో రోజున, శనివారం, కాత్యాయని మేడమ్ నన్ను తన గదికి పిలిచారు. యూనివర్సిటీలో సెలవు వాతావరణం. వరండాలో ఎవరూ లేరు. మేడమ్ ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతారు. తార్నాకలో సొంత ఇల్లున్నా రోజూ పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఆ గదిలోనే ఉంటారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఎన్ని దేశాల్లో ఉన్నారో ఆవిడకే లెక్క తెలియదు. ఆవిడ నోట తెలుగు వినాలంటే ఇలా గదిలోకి వచ్చి తలుపు వేసుకోవాలి.

"కూర్చో ధరణీ. సోమవారం కొత్త బ్యాచ్ వస్తోంది. నీ పన్నెండో పాఠం వీడియో వాళ్ళకి చూపిద్దామనుకుంటున్నా. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వు."

"వద్దు మేడమ్" అన్నాను.

"ఏం?"

"బాలలక్ష్మి ఉంది కదా అందులో. వాళ్ళ నాన్నగారు..."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు. "క్లాసుకి రావట్లేదట కదా ఆ అమ్మాయి" అన్నారు.

"రావట్లేదండీ. వచ్చే నెల పరీక్ష ఫీజు కట్టినవాళ్ళ జాబితాలో కూడా పేరు లేదు. నేను ఇవాళ వాళ్ళింటికి వెళ్తున్నాను. లాలాపేటలో ఉంటుంది."

"ఇప్పుడు వద్దు" అన్నారు మేడమ్, చటుక్కున.

ఆవిడ అంత గబగబా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. వాక్యం పూర్తిగా కుదిరాకే నోరు విప్పే మనిషి.

"పద్నాలుగు రోజులైంది మేడమ్. ఇంకెప్పుడు?"

"వెళ్ళి ఏం చెబుతావు?"

"నిజం చెబుతాను. వాళ్ళ నాన్న ఫోన్ చేస్తున్నాడని చూసి కూడా నేను ఫోను తిప్పేశాను. అది చెప్పి, తిట్టించుకుని వస్తాను."

మేడమ్ నా వంక చూశారు. ఏదో అంటారనుకున్నాను. రోజూ బోర్డు మీద అక్షరం వంకర పోయినా ఊరుకోని మనిషి, ఆ రోజు నా తప్పుని తప్పు అనలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, "సాయంత్రం ఫోన్ చేస్తాను. వెళ్దువుగాని, నాతో మాట్లాడాక వెళ్ళు" అన్నారు.

నేను సరేనని తలూపి, మాట్లాడకుండానే వెళ్ళాను. సాయంత్రం దాకా ఆగితే నాకు ధైర్యం చాలదని నాకు తెలుసు. రెండు వారాల్లో నాలుగుసార్లు మెట్రో స్టేషన్ దాటి షేర్ ఆటోల దాకా వెళ్ళి, మొహం చెల్లక హబ్సిగూడలోని మా ఇంటికి తిరిగి వచ్చేసిన దాన్ని.

*

లాలాపేట ఫ్లైఓవర్ దాటాక ఆటో దిగి, రెండు సందులు తిరిగితే మూడంతస్తుల ఇల్లు. పై అంతస్తులో ఒకే గది, ముందర రేకుల వసారా. తీగ మీద నర్సు యూనిఫాం ఆరేసి ఉంది. ఉతికి ఆరేసిందంటే డ్యూటీకి వెళ్తోందన్నమాట అనుకుని కొంచెం ఊపిరి తీసుకున్నాను.

వసారాలో ఒక పెద్దావిడ గోడకి ఆనుకుని కూర్చుని చింతకాయ గింజలు తీస్తోంది. నుదురు బోసిగా ఉంది. చేతులకి గాజుల్లేవు. మణికట్టు మీద గాజులుండే చోట చర్మం ఇంకా తెల్లగానే ఉంది. ఆవిడ బాలలక్ష్మి తల్లి అని చెప్పక్కర్లేకపోయింది. పేరు లింగమ్మ అని తర్వాత తెలిసింది. దినం అయ్యాక కూతురు వెంట తెచ్చుకుందట.

"ఎవరు బిడ్డా?"

"నేను ధరణినండీ. బాలలక్ష్మి గారికి క్లాసు చెప్పేదాన్ని."

ఆవిడ చేతిలోని చింతకాయ కిందపడింది. "వచ్చినవా బిడ్డా! బాలా, పంతులమ్మ వచ్చింది, బయటికి రా!" అని లోపలికి కేకేసింది. ఆ కేకలో కోపం లేదు. నా కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. తిట్టేవాళ్ళ ముందు నిలబడటం నేను సాధన చేసుకుని వచ్చాను. ఇలా పిలిచేవాళ్ళ ముందు ఎలా నిలబడాలో నాకు తెలియదు.

బాలలక్ష్మి తల తుడుచుకుంటూ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, నాకన్నా ఆరేళ్ళు పెద్ద. క్లాసులో అందరికన్నా ముందు వచ్చి రెండో బెంచీలో కూర్చునేది. పద్నాలుగు రోజుల్లో సగమైపోయింది.

"కూసోండ్రి మేడం" అని చాప పరిచింది. నేను కూర్చున్నాను. తనూ నా ఎదురుగా కూర్చుంది. లింగమ్మ గారు జరిగి జరిగి మా దగ్గరికి వచ్చారు. ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. క్లాసులో కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

"మీరు వస్తరని నాకు తెలుసు మేడం" అంది బాలలక్ష్మి. "నేనే వద్దామనుకున్న. కానీ అందరి ముంగట అడుగలేను గదా. ఏడుపొస్తది. మీరే తీరిక చూస్కొని వస్తరని ఆగిన."

"బాలలక్ష్మి గారూ, నేను..."

"ఏమన్నడు మేడం?"

నాకు అర్థం కాలేదు. "ఎవరు?"

"మా నాయిన. ఆఖరుకు ఏమన్నడు మీతోని?"

*

ఏం చెప్పను! బాలలక్ష్మి తన ఫోను తెచ్చి, వేలితో పైకి జరిపి, ఆ రోజు కాల్స్ నాకు చూపించింది. నాలుగు ఇరవై ఎనిమిదికి ఒకటి, ఎర్రగా. నాలుగు నలభైకి ఇంకోటి, అదీ ఎర్రగా. నాలుగు యాభై రెండుకి మూడోది. అది ఎర్రగా లేదు. దాని పక్కన నలభై ఒక్క సెకన్లు అని ఉంది.

"క్లాస్ అయినంక డబ్బాలకెళ్ళి ఫోన్ తీసుకొని చూస్తే మిస్డ్ కాల్స్ రెండే కనబడ్డయి. ఆటోల పోతా పోతా చేసిన, ఎత్తలే. ఆరుంబావుకు మా చిన్నాయిన చేసిండు, పోయిండని. ఊరికి పోయినంక మూడో రోజు చూసిన ఇది. నేనైతే ఎత్తలే. మీరు ఎన్కకు పోయి డబ్బాల చూసుడు నాకు కనబడ్డది. మేడమే ఎత్తి మాట్లాడింది, మా నాయిన ఉత్తగ పోలే, ఎవరితోనో ఒకరితోని మాట్లాడి పోయిండు అని మా అమ్మకు చెప్పిన. గప్పటి సంది ఈమె కొంచెం బువ్వ తింటున్నది."

లింగమ్మ గారు నా మోకాలి మీద చెయ్యి వేశారు. "నేను చేన్ల ఉన్న బిడ్డా. పత్తి ఏరవోయిన. వచ్చే వరకు గోడకొరిగి ఉన్నడు, ఫోన్ చేతులనే ఉన్నది. కాలికి ముల్లు గుచ్చుకున్నా, కడుపుల మంటొచ్చినా బిడ్డకే చేస్తడు. నా బిడ్డ నర్సు, దవఖాన మొత్తం నా ఇంట్లనే ఉన్నదని ఊరంత చెప్పుకుంటడు. ఏమన్నడు బిడ్డా? నా పేరు తీసిండా?"

అబద్ధం నా నోటిదాకా వచ్చింది. మీ దగ్గర దాచేదేముంది? వచ్చింది. 'అమ్మని జాగ్రత్తగా చూసుకోమన్నారు' అంటే చాలు. ఆ తల్లి ఆ మాట పట్టుకుని బతికేస్తుంది. బాలలక్ష్మి మళ్ళీ క్లాసుకి వస్తుంది. నన్ను దేవతలా చూస్తారు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఇంతకన్నా తేలికైన పని నా జన్మలో నాకు దొరకలేదు.

కానీ ఆవిడ చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఆ బోసి చెయ్యి చూస్తూ నేను చెప్పలేకపోయాను.

"నేను ఎత్తలేదండీ" అన్నాను. "ఎత్తలేదు. అంతకన్నా తప్పు చేశాను. రెండోసారి మోగినప్పుడు వెళ్ళి చూశాను. నాయిన అని ఉంది. ఫొటో కూడా చూశాను. చూసి, ఫోనుని బోర్లా తిప్పాను. వెనక మేడమ్ రాసుకుంటున్నారు, నా మార్కులు పోతాయని తిప్పాను. బాలలక్ష్మి గారూ, మీరు లేచి చెప్పబోయారు, జర్మన్‌లో చెప్పమన్నాను. మీరు చెప్పలేకపోయారు. అదంతా నేనే చేశాను. ఆ మూడో ఫోను సంగతి నాకు తెలియదు. ఒట్టు. నాకు తెలియదు."

చెప్పడం అయ్యాక నేను ఏడ్చాను. ఏడవకూడదనుకుని వచ్చాను, కానీ ఏడ్చాను. అక్కడ ఏడవాల్సింది నేను కాదని తెలిసీ ఆపుకోలేకపోయాను.

లింగమ్మ గారు నా మోకాలి మీంచి చెయ్యి తీసేశారు. విసురుగా కాదు, మెల్లిగానే. తీసి, తన ఒళ్ళో పెట్టుకున్నారు. నన్ను చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

కింద సందులో గ్యాస్ బండ దొర్లిస్తున్న చప్పుడు, పక్కింట్లో కుక్కర్ కూత. చివరికి బాలలక్ష్మి అంది, "నర్సింగ్ చదివేటప్పుడు ఇంగ్లిష్ రాకపోతే సిస్టర్ నిలవెట్టి నవ్వేది. ఆడికెళ్ళి దాటి వచ్చిన. జర్మన్ల మాట రాక కూసున్నప్పుడు గూడ అదే అనుకున్న. నాకే రాదు, నాదే తప్పు అని. పద్నాలుగు రోజుల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న మేడం. గా రెండు ముక్కలు నేర్చుకోకపోతివి, నేర్చుకుంటే మా నాయిన ఫోన్ ఎత్తుదువు గదనే అని."

"మీ తప్పు కాదండీ."

"తెలుసు. ఇప్పుడు తెలిసింది." ఆమె కళ్ళల్లో కోపం అప్పుడు కనపడింది. నాకు అది హాయిగా అనిపించింది. "మీ మార్కులు వచ్చినయా?"

"వచ్చాయి."

"మంచిగనే వచ్చినయా?"

"అన్నిటికన్నా ఎక్కువ వచ్చాయి" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక నాలో లేదు.

ఆమె తలూపింది. తర్వాత ఉన్నట్టుండి నిటారుగా కూర్చుంది. "మీరు ఎత్తకపోతే ఎవరెత్తిన్రు? నలభై ఒక్క సెకన్లు ఎవరు మాట్లాడిన్రు? ఫోన్ దానంతట అదే మాట్లాడదు గదా?"

*

అప్పుడు గుర్తొచ్చింది, వీడియో. స్టాండు మీది నా ఫోను ఆ డబ్బాకి జానెడు దూరంలో ఉంది. క్లాసు అవగానే సగం దాకా చూసుకున్నాను. చావు సంగతి తెలిశాక మళ్ళీ ముట్టుకోలేదు. చూసినంత వరకైనా నేనెలా నిలబడ్డాను, చెయ్యెలా ఊపాను, ఇవే చూసుకున్నాను. మన వీడియోలో మనల్ని తప్ప ఇంకెవర్ని చూస్తాం?

"ఉందండీ. పాఠం మొత్తం ఉంది" అన్నాను.

ఫోను తీసి చాప మీద పెట్టి యాభయ్యో నిమిషం దాకా జరిపాను. చిన్న తెర మీద మా క్లాసు. నీలం చీరలో నేను, బోర్డు మీద నేను గీసిన మనిషి బొమ్మ, తలకీ కడుపుకీ చేతికీ బాణాలు. పదిహేను జంటలు ఒకేసారి మాట్లాడుతున్న గోల. బాలలక్ష్మి నర్సు, పక్కమ్మాయి రోగి. నేను వాళ్ళ బెంచీ దగ్గర వంగి వింటున్నాను.

గడగడమని డబ్బా మోగింది. లింగమ్మ గారు ఉలిక్కిపడి, "గదేనా? గాయన చేసిందేనా?" అన్నారు. బాలలక్ష్మి తల్లి చెయ్యి పట్టుకుంది. డబ్బా ఇంకోసారి గడగడలాడింది. మూడోసారి మొదలై, మధ్యలో ఆగిపోయింది.

తర్వాత ఒక గొంతు. కెమెరాకి బాగా దగ్గరగా, గుసగుసగా. తెలుగులో.

"హలో... ఆమె క్లాసులో ఉన్నారండీ... నేను వాళ్ళ టీచర్ని. చెప్పండి."

ఆ గొంతు నాకు రెండేళ్ళుగా తెలుసు. క్లాసులో ఒక్క తెలుగు ముక్క పడితే పెన్ను ఎత్తే మేడమ్ గొంతు.

"ఏంటండీ? వినపడట్లేదు, ఇక్కడ గోలగా ఉంది... నొప్పా? ఎక్కడ నొప్పి?"

సరిగ్గా అప్పుడే, తెర మీద, రెండో బెంచీలో బాలలక్ష్మి పక్కమ్మాయిని అడిగింది. స్పష్టంగా, ఒక్క తప్పు లేకుండా. "వో టుట్ ఎస్ వే?"

"జేయర్ గూట్!" అని నేను మెచ్చుకుంటున్నాను. చప్పట్లు కొడుతున్నాను.

"ఎడమ చెయ్యా?" అంటోంది గుసగుస. "ఛాతీలోంచి చేతికా? ఎప్పట్నుంచి?... ఆఁ... ఆఁ... సరే సరే, అలా మాట్లాడకండి. పావుగంటలో క్లాసు అయిపోతుంది. అవగానే చెబుతాను. ఆ మాట కూడా చెబుతాను. తప్పకుండా చెబుతానండీ, పెట్టేస్తున్నా."

మళ్ళీ క్లాసు గోల. కాగితం మీద పెన్ను నడుస్తున్న చప్పుడు.

నేను వీడియో ఆపేశాను. లింగమ్మ గారికి సగమే అర్థమైంది. కూతుర్ని కుదుపుతూ, "ఏమన్నడే? గా మాట అంటున్నది, ఏం మాటనే?" అని అడుగుతున్నారు. బాలలక్ష్మి తన ఎడమ చెయ్యిని కుడిచేత్తో పట్టుకుని కూర్చుంది. ఆమె ఏడేళ్ళుగా గుండె వార్డులో పనిచేస్తోంది. ఛాతీలో మొదలై ఎడమ చేతిలోకి దిగే నొప్పి అంటే ఏమిటో, పావుగంటలో ఏం చెయ్యొచ్చో ఆమెకి చెప్పాల్సిన పనిలేదు.

"ఆటోల ఎక్కుమందును" అంది చివరికి, ఎవరితోనో కాదు, తనలో తను. "పక్కింటి పరుశురాంకు ఆటో ఉన్నది. మా నాయినను ఆటోల ఎక్కియ్యమందును. అంతే అందును. గంతే సాలు."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాను. ఆ హక్కు నాకెక్కడిది?

అప్పుడే చాప మీద నా ఫోను మోగింది. తెర మీద పేరు. కాత్యాయని మేడమ్.

సాయంత్రం చేస్తానన్నారు కదా. ముగ్గురం ఆ పేరు వంక చూశాం. లింగమ్మ గారికి చదువు రాదు. మా మొహాలు చూసి ఆవిడకీ తెలిసిపోయింది. నేను చెయ్యి చాచేలోపే బాలలక్ష్మి ఫోను ఎత్తి స్పీకర్ పెట్టింది.

"ధరణీ, వెళ్ళిపోయావా?" అవతల మేడమ్ గబగబా అన్నారు. "వెళ్ళకముందే నీతో ఒక మాట చెప్పాలమ్మా. పద్నాలుగు రోజులుగా చెప్పలేక చస్తున్నాను. ఆ అమ్మాయికి వాళ్ళ నాన్న ఒక మాట చెప్పమన్నాడు. నేను..."

మేడమ్ ఆగిపోయారు. బహుశా ఇటువైపు ఊపిరి నాది కాదని తెలిసిపోయి ఉంటుంది.

బాలలక్ష్మి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. ఫోనుని ఇద్దరి మధ్యా పెట్టింది.

"చెప్పున్రి మేడం" అంది, తెలుగులో. "క్లాస్ అయిపోయింది."